తొలి చేపను వదిలే వ్రతం

జీవహింస పాపమని చెప్పే సంప్రదాయాలన్నింటికీ చేపలు పట్టేవాడు చిక్కుప్రశ్నగానే మిగిలాడు. వేటగాడిని అడవికీ, మాంసం అమ్మేవాడిని ఊరి అంచుకూ జరిపి మాట్లాడగలిగిన శాస్త్రకారులు జాలరిని మాత్రం అలా జరపలేకపోయారు. భారతం చెప్పిన వ్యాసుని తల్లి సత్యవతి దాశరాజు ఇంట పెరిగి పడవ నడిపిన పిల్ల కావడం, ప్రళయజలాల్లో మనువు నావను లాగింది చేపే కావడం అందుకు కొంత కారణమైతే, ప్రతి తీర్థంలోనూ స్నానం చేసేవాడూ వల వేసేవాడూ ఒకే నీటిలో నిలబడవలసి రావడం మరింత కారణం. ఈ చిక్కును తప్పించుకోకుండా నేరుగా ఎదుర్కొన్నవారిలో పదో శతాబ్దపు దిగంబర జైన పండితుడు సోమదేవసూరి ముఖ్యుడు.

సోమదేవుడు ‘యశస్తిలక చంపువు’ను, అంటే గద్యపద్యాలు కలిసి నడిచే కావ్యాన్ని, వేములవాడ చాళుక్యుల ఏలుబడిలో క్రీ.శ. 959లో పూర్తిచేశాడు, వేములవాడలోని శుభధామ జినాలయం కోసం ఆయనకు ఒక గ్రామాన్ని ఇచ్చిన సంగతిని 966 నాటి పర్భణీ తామ్రశాసనం తెలుపుతుంది. ఈ చాళుక్యుల తొలి కేంద్రం నేటి బోధన్ అని చరిత్రకారులు భావిస్తారు, ఆ బోధన్‌నే జైన గ్రంథాలు బాహుబలి రాజధానిగా చెప్పే పౌదనపురంగా గుర్తించినవారూ ఉన్నారు. కనుక గోదావరి, మంజీర నదుల నడుమ ఉన్న ఈ నేలకు అహింసాచర్చ ఎక్కడో విన్న మాట కాదు, ఇంటి మాటే.

ఆ కావ్యంలో సోమదేవుడు ఒక జంట ఉదాహరణ ఇస్తాడు. వల వేసి కూర్చున్న జాలరి ఆ పూట ఒక్క చేపనూ చంపకపోయినా పాపాత్ముడే, నాగలితో మట్టిని పెళ్లగించి లెక్కలేనన్ని పురుగులను చంపిన రైతుకు ఆ పాపం అంటదు, ఎందుకంటే మొదటివాడి మనసులో చంపాలన్న తలంపు ఉంది, రెండోవాడి మనసులో పండించాలన్న తలంపే ఉంది అన్నది ఆయన వాదం. జైన ఆచారశాస్త్రం హింసను సంకల్పహింస అనీ, ఆరంభహింస అనీ విడదీస్తుంది. కోరి చేసేది మొదటిది. వంట, వ్యవసాయం వంటి పనుల్లో కోరకుండానే జరిగిపోయేది రెండోది. గృహస్థు పూర్తిగా విడిచిపెట్టవలసింది మొదటిదాన్నే. వినడానికి ఈ విభజన న్యాయంగానే తోస్తుంది, కానీ రైతూ జాలరీ ఒకే జలాశయం మీద బతికే చోట దీన్ని పరీక్షకు పెడితే అది అంత నిలకడగా నిలబడదు.

బాల్కొండ పక్కన, పోచంపాడు దగ్గర గోదావరికి అడ్డంగా కట్టిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు అలాంటి చోటు. 1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ఈ ఆనకట్టకు 42 గేట్లు, 1091 అడుగుల పూర్తిస్థాయి నీటిమట్టం ఉన్నాయి. కట్టిననాడు 112 టీఎంసీలుగా లెక్కవేసిన నిల్వ సామర్థ్యం పూడిక పేరుకుని సుమారు 80కి పడిపోయింది. కాకతీయ, లక్ష్మి, సరస్వతి కాలువలు ఇక్కడి నుంచే బయలుదేరి దూరదూరాల వరిమళ్లను, పసుపుచేలను, మక్కచేలను తడుపుతాయి. అదే నీటిలో గంగపుత్ర, ముదిరాజ్ కుటుంబాలు తెప్పల మీదా పుట్టుల మీదా వేట సాగిస్తాయి.

ఈ వేటకు కాలెండరు పంచాంగంలో ఉండేది. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు పద్నాలుగు రోజుల గడువును కార్తె అంటారు. రోహిణి కార్తె ఎండలకు నది మడుగులుగా తెగిపోయి, చేపంతా ఆ కాస్త నీటిలో కూడుకుంటుంది. అప్పుడు పట్టడానికి నేర్పు అక్కర్లేదు. మృగశిర దాటి ఎగువన వానలు పడి ఎర్రనీళ్లు దిగగానే లెక్క తారుమారవుతుంది. బొచ్చె, రోహు వంటి చేపలు నిలవనీటిలో గుడ్లు పెట్టవు, వాటికి పారే కొత్తనీరు కావాలి, అందుకే అవి వరదకు ఎదురెక్కుతాయి. చెరువు మత్తడి దుంకే చోట ఎగిరెగిరి పడే చేపలను చూసిన ఏ పల్లెవాసికైనా ఇది తెలిసిన సంగతే. వాలుగ కూడా ఈ రోజుల్లోనే పొంగిన ఒడ్ల మీది పల్చటి నీటికి చేరుతుంది. పొడవాటి మీసాలు, కంటిని దాటి చీలిన నోరు ఉన్న ఈ వేటచేప చీకటిపడ్డాక చిన్నచేపల గుంపుల వెంట తిరుగుతుంది. మబ్బునీటిలో వలతాడు చేప కంటికి ఆనదు, నీరు తేరుకున్న శీతాకాలంలో ఆనుతుంది, పైగా చలికి చేప మేత తగ్గించి లోతుకు దిగుతుంది, కనుక దీపావళి తర్వాత వేటకు ఓర్పూ రాత్రివేళా రెండూ అవసరం. నీటి రంగు, పోటు, చలి ఈ మూడింటినీ చదవగలగడమే ఈ వృత్తిలోని విద్య; ఆ విద్య పెరిగేకొద్దీ చంపగల శక్తి పెరుగుతుంది, చేప ఎప్పుడు నిస్సహాయంగా ఉంటుందో కూడా అంతే స్పష్టంగా తెలిసివస్తుంది.

ఆ ఎరుక ఎంత సూక్ష్మమో కొరమీను చూపిస్తుంది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన కొరమీను నాచు, గడ్డి మధ్య గుడ్లు పెట్టి, పొదిగిన పిల్లలను వారాలపాటు కాపలా కాస్తుంది. నీటిపైన ఎర్రని పిల్లల గుంపు ఒక ముద్దలా కదులుతుంటే దాని కిందే తల్లిదండ్రులు ఉంటాయి, గుంపు దగ్గరికి ఏది వచ్చినా మీదికి దూకుతాయి. అంటే ఆ వారాల్లో గాలం వేసేవాడికి ఎర కూడా అక్కర్లేదు, బిడ్డల మీది మమకారమే దాన్ని కొక్కేనికి తగిలిస్తుంది. పెద్దచేప పోతే ఆ గుంపు రెండు పూటల్లో ఇతర చేపల పాలవుతుంది. ఎర్రముద్దను చూసి గాలం చుట్టేసుకునేవాడూ, చూసి మరీ గాలం విసిరేవాడూ ఇద్దరూ జాలరులే. ఇద్దరి వృత్తిసంకల్పమూ ఒక్కటే. సోమదేవుని త్రాసు వీరిద్దరినీ వేరు చేసి తూచలేదు. ఆ త్రాసులో లోపం అక్కడే ఉంది.

రైతు వైపు కూడా అది సరిగా తూగదు. మహాభారత అరణ్యపర్వంలో మిథిలానగరపు ధర్మవ్యాధుడు, ఇతరులు చంపిన జంతువుల మాంసం అమ్ముతూ బతికేవాడు, కౌశికుడనే బ్రాహ్మణునికి ధర్మం బోధిస్తూ నాగలి దున్నినప్పుడు భూమిలోని ఎన్ని ప్రాణులు పోతాయో ఆలోచించమంటాడు, హింస లేని బతుకు ఎవరికీ లేదని వాదిస్తాడు. యాసంగి పంటకు, అంటే చలికాలంలో వేసి ఎండాకాలంలో కోసే పంటకు, కాలువలు వదిలినప్పుడు జలాశయం ఒడ్లు ఎండి, గుంటల్లో చిక్కిన చేప ఊపిరాడక చస్తుంది. రైతుకు ఆ తలంపు లేదన్నది నిజమే, కానీ అతనికి ఆ సంగతే తెలియదన్నది అంతకన్నా పెద్ద నిజం. తెలియకపోవడాన్ని నిర్దోషిత్వంగా లెక్కవేసి, తెలిసి తడబడేవాడిని దోషిగా నిలబెట్టే నీతి కొంత పక్షపాతమున్న నీతే. అది పండించేవాడి గుమ్మం ముందు నిలబడి చెప్పిన నీతిలా వినిపిస్తుంది. పెద్దచేప చిన్నచేపను మింగే మత్స్యన్యాయాన్ని చూపి జాలరిని వెనకేసుకు రావడమూ కుదరదు. రాజు లేని లోకం ఎలా ఉంటుందో చెప్పడానికి కౌటిల్యుడు వాడిన పోలిక అది, వాలుగకు వర్తించినంత మాత్రాన మనిషికి అనుమతిపత్రం కాబోదు.

విచిత్రమేమిటంటే సోమదేవుని వాదానికి అసలు జవాబు సోమదేవుని కావ్యంలోనే ఉంది. అవంతిదేశపు జాలరి మృగసేనుడు ఒక జైనమునికి మొక్కి వ్రతం అడుగుతాడు. వృత్తి మానెయ్యమని ముని అనడు, ఆ రోజు వలలో పడిన తొలి చేపను వదిలిపెట్టమంటాడు. సిప్రానదిలో ఒక పెద్దచేప పడుతుంది. మృగసేనుడు దానికి గుర్తుగా గుడ్డపేలిక కట్టి వదులుతాడు. మరోచోట వల వేస్తే మళ్లీ అదే చేప. అలా ఐదుసార్లు పట్టి ఐదుసార్లు వదిలి, సందెవేళ ఉత్తచేతులతో ఇంటికి వస్తే భార్య తలుపు మూసేస్తుంది. బయట పడుకున్న అతణ్ని పాము కరుస్తుంది. మరుజన్మలో అతను ఐదుసార్లు చావు తప్పించుకున్నాడన్న ఫలశ్రుతి కన్నా ఆ గుడ్డపేలికే ఆలోచనకు ఎక్కువ పని పెడుతుంది. గుర్తు కట్టడమంటే ఈ చేపను ఆ చేప నుంచి వేరుగా చూడడం, రాశిగా ఉన్నదాన్ని ఒక ప్రాణిగా ఎంచడం. చంపే వృత్తిలో ఉంటూనే చంపని ఒక చోటును అతను గీసుకున్నాడు. మొదటి ఉదాహరణలో పాపమంతా సంకల్పంలో ఉందన్న సోమదేవుడు, ఇక్కడ అదే సంకల్పంలో ఒక పగులు చూపించి పుణ్యాన్ని అక్కడినుంచే రప్పించాడు. ఈ రెండింటిలో కథకుడే తార్కికుని కన్నా లోతుగా చూశాడని చెప్పాలి.

అయితే మృగసేనుని నదికి గేట్లు లేవు. శ్రీరాంసాగర్‌కు ఎగువన, నాందేడ్ జిల్లాలో మహారాష్ట్ర కట్టిన బాబ్లీ బ్యారేజీ విషయంలో సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరిలో ఇచ్చిన తీర్పు ప్రకారం దాని గేట్లు జూలై 1 నుంచి అక్టోబరు 28 వరకు తెరిచి ఉండాలి. ఆ తేదీలు రెండు రాష్ట్రాల నీటివాటాను చూసి పెట్టినవి, కానీ చేప ఎదురెక్కే రోజులు అందులోనే పడతాయి. జైనులు ద్రవ్యహింస అని జరిగిన పనినీ, భావహింస అని మనసులోని పూనికనూ వేరుచేస్తారు. ఆ లెక్కన బాబ్లీ గేట్ల తెరుపు చేపకు మేలైనా వ్రతం కాదు, అందులో చేపను తలచుకున్నవారు లేరు. ఆరుద్ర కార్తె వచ్చినా ఎగువన వాన లేక నీరు రాకపోవచ్చు, వచ్చిన నీరు ఒక్కసారిగా 42 గేట్ల నుంచి దిగువకు పోవచ్చు. అప్పుడు ఏ రోజున వల ఎత్తిపెట్టాలో పంచాంగం చెప్పలేదు. ఒంటరిగా ఒక మనిషి పట్టవలసిన వ్రతం ఇప్పుడు గేటు తిప్పేవారికీ, కాలువ కోరేవారికీ, సహకార సంఘానికీ పంచుకుపోయింది, ఎవరి వాటా ఎంతో తేల్చే శాస్త్రం మాత్రం పుట్టలేదు. గుడ్లు పెట్టే నెలల్లో వేట నిలిపే నిబంధన దండన భయంతో పాటించినా చేప బతుకుతుంది. పాటించినవాడికి అది ధర్మమవుతుందా అన్నది వేరే ప్రశ్న, దానికి జవాబు దొరికేదాకా నిబంధనను ఆపడం తెలివైన పని కాదు.

ఈ పంపకంలో తినేవాడు సాధారణంగా లెక్కలోకి రాడు. మృగశిర కార్తె తొలిరోజున చేప తినాలన్న ఆచారం తెలంగాణ అంతటా ఉంది, ఆ ఉదయం నిజామాబాద్ అంగట్లో చేపల దుకాణాల ముందు వరుసలు కడతారు. ఇప్పుడు అక్కడికి వచ్చేది ఎక్కువగా చెరువుల్లో పెంచిన చేపే కనుక నది మీద భారం కొంత తగ్గింది, కానీ ఏటివాలుగ దొరికితే దానికి ధర ఎక్కువ పలకడం మారలేదు. ఆ వాలుగ కడుపులో ఆ రోజుల్లో గుడ్లుంటాయి. క్రీ.పూ. మూడో శతాబ్దంలో అశోకుడు తన ఐదవ స్తంభశాసనంలో చాతుర్మాస్య పున్నముల వంటి నిర్ణీత దినాలకు చేపల విషయంలో విధించిన నియమం ఈ చోట గుర్తుచేసుకోదగ్గది: ఆ రోజుల్లో చేపను చంపకూడదన్నంతటితో ఆయన ఊరుకోలేదు, అమ్మకూడదని కూడా రాయించాడు.