నిత్యనూతనమైన ఓడు

సంప్రదాయమనగా పాత వస్తువును దాచుకొనుటయా, లేక పాత పద్ధతిని అనుదినము క్రొత్తగా ఆచరించుటయా? తిరుమల ఆలయమే దీనికి సమాధానము చెప్పుచున్నది. శ్రీవారికి స్వర్ణపాత్రలకు కొదవ లేదు. అయినను ప్రతిదినము పెరుగన్నము క్రొత్త మట్టి ఓడులోనే నివేదింపబడును. ఓడు ఏనాటికానాడు క్రొత్తది. ఆచారము మాత్రము పురాతనము. మట్టిపూలతో స్వామి నర్చించిన కుమ్మరి భక్తుడు కురువ నంబి గాథను పెద్దలు ఈ ఓడుతో ముడిపెట్టి చెప్పుదురు.

జపాను దేశమున యనాగి సోయెత్సు అను తత్త్వవేత్త 1925లో మిత్రులతో కలిసి సామాన్యుల చేతిపనులకు ‘జనకళ’ అను అర్థము గల పేరును కూర్చి, 1936లో టోక్యోలో వాటికొక ప్రదర్శనశాలను నెలకొల్పెను. పేరెరుగని కుమ్మరి చేతిలో అందము వెలయుటకు కారణము స్వశక్తి కాదనియు, పరశక్తి యనియు ఆయన భావించెను. ఇది మన శరణాగతికి సమీపమైన భావము.

అయితే ప్రదర్శనశాల కుండను కాపాడగలదు గాని కుమ్మరిని కాపాడజాలదు. సారె తిరుగవలెనన్న కొనువారుండవలెను. కార్తికమాసమున విశాఖపట్టణపు కంచరపాలెములో ఒక గృహిణి యంత్రపు అచ్చులో పోసిన ప్రమిదను కొన్నను దీపము వెలుగును. స్వామి దానిని నిరాకరింపడు. కాని కుమ్మరి సారెపై చేసిన ప్రమిదను కొన్నచో రెండిండ్లలో దీపము వెలుగును.