వంటగోడ మీది పూలు ఎవరి కొరకు?

పల్లెలలో ఇండ్లు కట్టుకొనువారు ఈ దినములలో వంటగది విషయమై మునుపెన్నడు లేనంత శ్రద్ధ చూపుచున్నారు. నేలమీది కట్టెల పొయ్యి అనేక ఇండ్లలో పోయెను. నడుమెత్తు గట్టు వచ్చెను, గ్యాసు పొయ్యి వచ్చెను. చేతిలో కొంచెము డబ్బున్నవారు గట్టు క్రిందను పైనను తెల్లని కప్‌బోర్డులు పెట్టించుకొనుచున్నారు. క్రింది వరుసకును పై వరుసకును నడుమ సుమారు రెండడుగుల ఎత్తున గోడ ఒక పట్టీవలె మిగిలియుండును. తాలింపు చిట్లునది ఆ పట్టీమీదనే. చేపల పులుసు చిందునదియు దానిమీదనే. గనుక అక్కడ టైల్సు వేయవలెననుటలో వివాదము లేదు. సాదావి వేయుదమా, పూలవి వేయుదమా అన్నప్పుడే ఇంటిలో మాటలు పెరుగును.

సంఘపత్రికలో టైల్సు గూర్చి వ్రాయుటయేమని కొందరు నవ్వవచ్చును. నవ్వనిండు. ఒక్కసారి అంటించిన టైలు ఏండ్ల తరబడి గోడను విడువదు. ఆ ఏండ్లన్నియు దాని యెదుట ఒక మనిషి నిలిచియుండును. ఆ మనిషి ఎవరు, ఆమెను ఎవరైనను అడిగిరా అనునదే మేమిచ్చట విచారింపగోరు సంగతి.

మొదట ఒక అభ్యంతరమును తీర్చవలెను. విశ్వాసి ఇంటికి పూలు, చుక్కలు, రంగులు ఎందుకు, గోడ శుభ్రముగా నుండిన చాలదా, అది లోకాడంబరము కాదా అని పెద్దలు కొందరు అందురు. వారి భయము వట్టిది కాదు. అయినను నిర్గమకాండము చదివినవారు ఆ మాట అంత గట్టిగా చెప్పజాలరు. దీపవృక్షమునకు బాదము పూలరూపములు చేయవలెనని ఆజ్ఞాపింపబడెను. యాజకుని నిలువుటంగీ అంచున నీల ధూమ్ర రక్తవర్ణములతో దానిమ్మపండ్ల రూపములు కుట్టవలెనని చెప్పబడెను. అంగీ అంచు మోకాళ్ల క్రింద నుండును, దానిని చూచువారెందరు? చూచువారు కొద్దిమందియైనను అక్కడ దానిమ్మలు ఉండవలసినవే. కాబట్టి పూవు పాపము కాదు.

ఇక మరికొందరు యిర్మీయా గ్రంథము ఇరువది రెండవ అధ్యాయమును చూపుదురు. యెహోయాకీము రాజు దేవదారు పలకలు వేయించి, ఇంగిలీకపు రంగు పూయించి మేడ కట్టించుకొనగా ప్రవక్త అతనిని గద్దించెను గదా అందురు. నిజమే, అయితే ఆ భాగమును నిదానించి చదువుడి. గద్దింపు రంగుతో మొదలుకాలేదు. పనిచేయించుకొని కూలి ఇయ్యనందున మొదలాయెను. ఆ యెరుపు ఎవరి కష్టముమీద పూయబడినదని ప్రవక్త అడిగెను. మన వంటగోడకును ఈ ప్రశ్నయే సరిపోవును. ఎందుకనగా వంటగది యనునది ఒకరి కష్టము జరుగు స్థలము.

టైల్సు కొనుట ఎట్లు జరుగుచున్నదో చూడుడి. తండ్రియు కుమారుడును పట్టణములోని దుకాణమునకు పోవుదురు. దుకాణములో పెద్ద దీపముల క్రింద పలకలన్నియు మెరయుచుండును. మన దేశమున తయారగు టైల్సులో అధికభాగము గుజరాతులోని మోర్బీ ప్రాంతమునుండి వచ్చునవే; యంత్రము పలకమీద సిరాతో ఏ బొమ్మనైనను అచ్చు వేయగలదు గనుక కాఫీ కప్పులు, మిరపకాయలు, ద్రాక్షగుత్తులు, రాతి నమూనాలు, అన్నియు నుండును. కువైటులో నున్న పెద్ద కుమారునికి ఫోనులో చూపుదురు. అతడు ఒకటి ఏరుకొనును. బేరమాడి ఆటోలో వేసికొని వచ్చెదరు. ఇంతవరకు ఆ గట్టునొద్ద నిలువబోవు ఇల్లాలు ఎక్కడ నున్నది? ఇంటియొద్ద, ఇల్లు కట్టు మేస్త్రీలకు మధ్యాహ్న భోజనము వండుచున్నది.

ఇది దుష్టత్వము కాదు. ప్రేమతోనే తెచ్చిరి. అయినను ఒక మాట జ్ఞాపకము చేసికొనవలసియున్నది. పూర్వము వంటయింటి అందము ఆమె చేతిలోనే యుండెను. మట్టిపొయ్యిని ఆమెయే అలికెను, సున్నపు గోడకు జేగురుతో అంచు ఆమెయే దిద్దెను, పొయ్యి గట్టుమీద పిండితో గీతలు ఆమెయే గీసెను. (ముగ్గు వేయుటను గూర్చి మన సంఘములలో రెండభిప్రాయములు గలవు, ఆ వాదము ఇచ్చట ఎత్తుకొనము.) ఆమె గీసినది రేపు చెరిగిపోవును. నచ్చనిచో ఎల్లుండి మరియొకటి గీయును. ఇప్పుడు గోడమీద బొమ్మ చెరిగిపోదు, గీయునది ఆమె కాదు, ఏరుకొనునదియు ఆమె కాదు. చెరిగిపోవు బొమ్మకు ఆమె యజమానురాలుగా నుండి, చెరిగిపోని బొమ్మకు కేవలము తుడుచునదిగా మిగిలిన యెడల, ఇల్లు బాగుపడినదని పూర్తిగా చెప్పగలమా?

తెల్లని వంటయింటిలో పూల పలకలు వేయుట నేటి పట్టణపు వింతయని తలంచువారికి హాలెండు దేశపు సంగతి ఒకటి చెప్పవలెను. మచిలీపట్నపు అద్దకపు బట్టలను ఓడలకెక్కించుకొని పోయినవారును, భీమునిపట్నములో తమవారి సమాధులను విడిచిపోయినవారును ఆ డచ్చివారే. వారి దేశము పల్లపు నేల, తేమ గోడలకెక్కును. కావున 17వ శతాబ్దమునందు గోడల అడుగుభాగమునకును పొయ్యిచుట్టును అయిదంగుళముల చదరపు మట్టిపలకలు అంటించుట అలవాటు చేసికొనిరి. ఆ పలకలకు తగరము కలిసిన తెల్లని గాజుపూత పూసి, చైనా పింగాణీని చూచి నీలిరంగుతో బొమ్మలు వ్రాసిరి. డెల్ఫ్ట్ పట్టణము పేరట ఇవి ప్రసిద్ధి చెందినవి. రాటర్‌డాము మొదలైన చోట్లను తయారాయెను. తొలుత పలకంతయు రంగులతో నిండియుండెను. నాలుగు పలకలు కూడిన గాని ఒక పువ్వు పూర్తికాదు. రానురాను తెలుపు పెరిగెను, మూలల నగిషీ చిన్నదాయెను, నడుమ ఒక ఓడయో, ఆడుకొను పిల్లవాడో, గొఱ్ఱెలకాపరియో మాత్రము మిగిలెను. బైబిలు కథల పలకలును విస్తారముగా తయారాయెను. ప్రతిదినము గోడను చూచువారికి కాలక్రమమున తెలుపే యెక్కువగా కావలసివచ్చినట్లు మాకు తోచుచున్నది.

అట్టి డచ్చి పలకలు ఇంగ్లాండునకును పోయెను. 1702లో లండనులో పుట్టిన ఫిలిప్ డాడ్రిడ్జ్ తరువాత కాలమున సేవకుడుగాను, కీర్తనకర్తగాను పేరుపొందెను. అతనికింకను చదువు రాకమునుపే తల్లి పొయ్యిచుట్టునున్న పలకల బొమ్మలు చూపుచు పాత నిబంధన, క్రొత్త నిబంధన కథలు నేర్పెనని అతని చరిత్రలో చెప్పబడియున్నది. ఆ తల్లి పాఠశాల పెట్టలేదు. తన కన్నులయెదుట నున్నదానిని వాడుకొనెను. పలకలు తయారుచేసినవాడు ఆ బిడ్డను ఎరుగడు.

ఇది విని కొందరు వెంటనే వాక్యములు అచ్చువేసిన టైల్సు కొనబోవుదురేమో! పొయ్యి వెనుక వాక్యము వేయుట మాకు అంతగా నచ్చదు. నూనె జిడ్డు దానిమీద పడును, మూడు నెలలైన తరువాత ఎవరును చదువరు. కథ చెప్పునది తల్లి గాని పలక కాదు. ఆమెకు నచ్చిన పిచ్చుక బొమ్మయైనను ఆమె దానినుండి ఏదో ఒకటి చెప్పుకొనగలదు.

ఏరుకొనుటలో కొన్ని సంగతులు చెప్పెదము. ఇవి తెలియక డబ్బు నష్టపోవుచున్నారు. తెలుపంతయు ఒక్కటే తెలుపు కాదు. కప్‌బోర్డు తెలుపు కొంచెము మీగడ రంగుదై, టైలు తెలుపు నీలిచాయదైన యెడల, క్రొత్త కప్‌బోర్డు మాసినదానివలె కనబడును. గనుక కప్‌బోర్డు చెక్కముక్క ఒకటి దుకాణమునకు తీసికొనిపోవలెను. పెద్ద పెద్ద పూలు దుకాణములో నిలువెత్తు గోడమీద అందముగా నుండును. రెండడుగుల పట్టీలో సగము పువ్వు తెగి, మిగిలినదానిని మిక్సీయు డబ్బాలును కప్పివేయును. చేతివెడల్పు నమూనాయే అక్కడ నిలుచును. సిమెంటుతో చేసిన రంగు పలకలు చూచుటకు సొగసైనవే గాని రసాయనపు పూత పూయనిచో పసుపును నూనెను పీల్చుకొనును, నిమ్మరసము చింతపులుసు వాటి పైభాగమును తినివేయును. మన వంటకు గాజుపూత పలకయే మేలు. పసుపు మరక ఎక్కువగా పట్టునది పలకకు కాదు, సందులలోని తెల్లసిమెంటుకు. సందులకు ఎపాక్సీ నింపించుటకు కొంత ఖర్చగును. అయినను తోముకొను చేతులకు అది మేలు. పది అడుగుల గట్టుకు పట్టీ ఇరువది చదరపు అడుగులే. రెండు మూడు పలకలు ఎక్కువ కొని దాచుకొనుడి, తరువాత అదే రంగు దొరకదు.

మరియొక మాట. పూలను పొయ్యి వెనుకనే వేయవలెనని ఎవరు విధించిరి? పొయ్యియొద్ద ఆమె చూపు గిన్నెలో నుండును. గిన్నెలు కడుగునప్పుడే తల యెత్తి చూచును. అక్కడ కిటికీ లేనియెడల పూలు కావలసినది ఆ తొట్టి యెదుటనే. నాలుగైదు పూల పలకలు అక్కడ వేసి, మిగిలిన గోడను సాదాగా విడుచుట ఖర్చునకును తక్కువ.

కూలి సంగతి యిర్మీయా ముందే చెప్పియున్నాడు గనుక క్లుప్తముగా చెప్పెదము. నమూనా గల పలకలు గీత గీతకు కలిపి అంటించుటకు సాదావాటికంటె ఎక్కువ సమయము పట్టును. చదరపు అడుగుకు సాదా కూలియే మాటలాడి, పువ్వు కలియలేదని మేస్త్రిని తిట్టుట న్యాయము కాదు. పలకలు కోయునప్పుడు లేచు దుమ్ములో సిలికా యుండును. అది ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరినచో మానని వ్యాధి కలుగును. నీళ్లు పోయుచు కోసిన యెడల దుమ్ము చాలమట్టుకు అణగును. ఒక బకెట్టెడు నీళ్లు అతనియొద్ద పెట్టుట ఇంటివారికి కష్టమా?

అత్తగారు ఒకటి, కోడలు ఒకటి కోరిన యెడల ఏమి చేయవలెను? ఎవరు ఎక్కువ గంటలు అక్కడ నిలుతురో వారి మాటయే సాగవలెనని మా అభిప్రాయము. అత్తగారు నొచ్చుకొనవచ్చును, ఆమె కోడలుగా నున్నప్పుడు ఆమెనెవరు అడుగలేదు గనుక ఆ నొప్పి మాకు తెలియును. ఇంటిలో వండువాడు పురుషుడైతే అతనినే అడుగవలెను. ఆమె సాదా తెలుపే కావలెననిన యెడల, డబ్బున్నది గదా పూలు వేయింతమని బలవంతపెట్టకుడి.

అడిగినప్పుడు మన తల్లులలో అనేకులు చెప్పు జవాబు మీకు తెలిసినదే: "నాకేమున్నదయ్యా, మీకు ఏది నచ్చితే అది తెండి" అందురు. ప్రియ చదువరులారా, దానిని జవాబుగా ఎంచవద్దు. చిరకాలము అడుగబడని మనిషి మాట అది. దుకాణమువానిని అడిగి రెండు మూడు నమూనా పలకలు ఇంటికి తెచ్చి, గట్టుమీద గోడకు ఆనించి, ఏమియు మాటలాడక నాలుగు దినములు విడిచిపెట్టుడి. పగటి వెలుగులోను, రాత్రి ట్యూబులైటు క్రిందను, అన్నము వార్చుచు, కూర కలుపుచు ఆమె వాటిని చూచుచుండును. నాలుగవనాటికి ఒక పలక తుడువబడి గోడనే ఆనుకొనియుండును. తక్కినవి బియ్యపు డబ్బా వెనుకకు చేరియుండును.