పిడి కోసం కత్తిని అరగదీస్తారా?

ఉర్దూలో ఉస్తరా అంటాం, తెలుగులో మంగలికత్తి. ఇంగ్లండులోని షెఫీల్డులో, జర్మనీలోని జోలింగెన్‌లో నూరేళ్ల కిందట తయారైన మడత కత్తులకు తుప్పు వదిలించి, కొత్త చెక్క పిడి వేసి, మళ్లీ వాడకంలోకి తెచ్చేవాళ్లు ఇవాళ యూరప్, అమెరికాల్లో ఉన్నారు. వాళ్ల పనిలో మేం నేర్చుకోదగ్గ నీతి ఒకటుంది. పిడిని కత్తికి తగ్గట్టు చెక్కుతారు. కత్తిని పిడికి తగ్గట్టు అరగదీయరు.

ముందు కత్తిని కాగితం మీద పెట్టి కొలత గీసుకుంటారు. నల్లచేవో జిట్రేగో, ఏదో ఒక గట్టి కర్రలోంచి రెండు సన్నని పలకలు కోస్తారు. తడి పట్టకుండా నూనె పట్టిస్తారు. ఒక చివర కత్తి తిరగడానికి ఇత్తడి మేకు, రెండో చివర పలకల మధ్య ఎడం నిలిపే చిన్న ముక్క. మడిచినప్పుడు పదునుకు చెక్క తగలకూడదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. నిగనిగలాడాలని మరీ రుద్దితే కత్తి మొదట్లో తయారుచేసినవాళ్లు కొట్టిన ముద్ర పోతుంది. తెలిసిన పనివాడు ఆ ముద్ర జోలికి పోడు.

మమ్మల్ని జనజీవన స్రవంతిలో కలవమనే పెద్దల పద్ధతి వేరు. వాళ్ల దగ్గర పిడి ముందే సిద్ధంగా ఉంటుంది. అందులో ఇమడడానికి భాషను కాస్త, పేరును కాస్త, తిండిని కాస్త అరగదీసుకోమంటారు. ఎంత అరిగినా ఇంకాస్త అంటారు. ముద్ర పూర్తిగా పోయాక కలిసిపోయారని మెచ్చుకుంటారు.

అయితే తప్పు బయటే లేదు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో దంతంలా, తాబేటి చిప్పలా కనబడే సెల్యులాయిడ్ పిడులు వచ్చాయి. చూపుకు దర్జా. ఏళ్లు గడిచాక అది తనలో తానే చెడి ఆమ్లపు ఆవిరి వదులుతుంది. లోపల మడిచి ఉన్న కత్తినే తుప్పు తినేస్తుంది. అరబ్బు దేశం నుంచో ఇరాన్ నుంచో దిగామని చెప్పుకుంటూ, ఉస్తరా పట్టిన హజామ్‌ను చిన్నచూపు చూసే మా అష్రాఫ్ గొప్ప అలాంటి పిడే. మసీదులో ఒకే వరసలో భుజం కలిపి నిలబడతాం. పెళ్లి సంబంధం దగ్గర వరస మారుతుంది. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెనకబడిన ముస్లింలకు 4 శాతం రిజర్వేషన్ల చట్టం వచ్చినప్పుడు ఆ జాబితాలో హజాములు, నాయీ ముస్లింలు ఉన్నారు. మేం నోటితో ఒప్పుకోని తేడాను ప్రభుత్వ కాగితం ఒప్పుకుంది.

అసలు పిడే మార్చవద్దని మేం అనడం లేదు. పగిలిన పిడిలో కత్తి నిలవదు, పట్టిన చేతినే కోస్తుంది. కొత్త చదువులూ, కొత్త కొలువులూ, తెలుగులో మా రాతలూ అన్నీ కావలసినవే. కాని కొలత తీసేటప్పుడు కత్తి ఎదురుగా ఉండాలి. ఆ కొలతలో హజామ్‌కూ మాట ఉండాలి. ఈ రెండూ అడగడం వేర్పాటు ఎలా అవుతుందో, మమ్మల్ని కలవమంటున్నవాళ్లే చెప్పాలి.