సందేహాలు – సమాధానాలు: ఇల్లాలు మంచం మీద ఉంటే నిత్యదీపం మాటేమిటి?

ప్రశ్న: ఆశ్వయుజ మాసం చివర్లో మా ఆవిడకి గర్భసంచి తీసేసే ఆపరేషన్ అయింది. ఆరు వారాలు బరువులు ఎత్తకూడదనీ, కుట్లు తడవకూడదనీ డాక్టరుగారు చెప్పారు. మాకిద్దరు పిల్లలు. అమ్మాయి ఏడో తరగతి, బాబు రెండో తరగతి, వాడికింకా ఏడేళ్లు నిండలేదు. మా అమ్మ మా దగ్గరే ఉంటుంది గానీ మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేదు. వంట, పిల్లల బడి, ఆఫీసు అన్నీ నా నెత్తిన పడ్డాయి. రోజూ దీపం వెలిగే ఇంట్లో ఇప్పుడు వారంలో నాలుగు రోజులు దీపమే లేదు.

మొన్న కార్తీక సోమవారం పొద్దున పొయ్యి మీద పాలు పెట్టి, బాబు బూట్లకి లేసులు కడుతున్నాను. పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది. గ్యాసు వాసన వచ్చేదాకా చూసుకోలేదు. పరుగెత్తి కట్టేసి వచ్చేసరికి వీడు హాల్లో బంతి విసిరాడు. అది తిన్నగా పూజ గూట్లోకి పోయింది. కుంది పడి నూనె అంతా ఒలికింది, కుంకుమ భరిణె బోర్లాపడింది, పింగాణీ వినాయకుడి తొండం విరిగింది. కోపం పట్టలేక వాణ్ణి రెండు దెబ్బలు వేశాను. "సోమవారం పూట కుంకుమ ఒలికింది, ఇంకా ఏం చూడాలో" అని అమ్మ. లోపల మంచం మీద మా ఆవిడ ఒకటే ఏడుపు.

ఆమె కార్తీక స్నానం తలకి పోసుకుంటానంటుంది. సోమవారాలు చుక్కలు చూసేదాకా మంచినీళ్లు కూడా ముట్టనంటుంది. మాత్రలేమో పూటపూటా వేసుకోవాలి. గర్భసంచి లేని ఆడది కలశం ముట్టుకోకూడదని అమ్మ ఎక్కడో విన్నదట. ఆపరేషన్ సుఖంగా జరిగితే అలిపిరి మెట్లెక్కి వస్తానని మా ఆవిడ మొక్కుకుంది. ఆమె బదులు నేనెక్కితే చెల్లుతుందా? మగవాణ్ణి, దీపం నేను పెట్టొచ్చా? విరిగిన విగ్రహాన్ని ఏం చేయాలి? ఒక్క విషయంలో మాత్రం లోటు రానివ్వలేదండీ. ఆమెను చూడ్డానికి వచ్చినవాళ్లెవర్నీ భోజనం పెట్టకుండా పంపలేదు. మా పెద్దది బుద్ధిమంతురాలు. అందరికీ వడ్డించి, వాళ్లమ్మకి పెట్టి, తను ఆఖర్న తింటుంది.

– ఒక పాఠకుడు, తణుకు

సమాధానం: మీరు అడిగినవాటికి జవాబులు తేలిక. అడగకుండా, కాస్త గొప్పగా చెప్పుకున్న ఆ ఆఖరి మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీ ఇంట్లో ధర్మలోపం ఏదైనా జరుగుతోందంటే అది పూజ గూట్లో కాదు, భోజనాల దగ్గర.

మనుస్మృతి మూడో అధ్యాయంలో అతిథి మర్యాదల గురించి చాలా పట్టుదలగా చెప్పారు. అదే అధ్యాయం 114వ శ్లోకంలో ఒక మినహాయింపు ఉంది. కొత్తగా పెళ్లయినవాళ్లు, కన్నెపిల్లలు, రోగులు, గర్భిణులు, వీళ్లకి అతిథి కంటే ముందు పెట్టేయాలి, అదీ మరో ఆలోచన లేకుండా. యాజ్ఞవల్క్యుడు తన స్మృతి ఆచారాధ్యాయంలో ఈ పట్టికకు పసివాళ్లనూ ముసలివాళ్లనూ చేర్చాడు. అందరికీ పెట్టగా మిగిలింది ఇంటి యజమాని దంపతులు తినాలన్నాడు. ఇప్పుడు మీ ఇంటి పంక్తి చూడండి. రోగి మీ ఆవిడ. కన్నెపిల్ల మీ అమ్మాయి. పసివాడు మీవాడు. పెద్దావిడ మీ అమ్మగారు. ముందు తినవలసిన నలుగురూ మీ ఇంట్లోనే ఉన్నారు. ఆఖర్న తినవలసింది మీరొక్కరే. మీరు ఆ వరస తిరగేసి, దాన్ని అతిథి పూజ అనుకుంటున్నారు.

పైగా వచ్చేవాళ్లంతా అతిథులు కారు. ఒక్క రాత్రి ఉండి వెళ్లేవాడు అతిథి అని మనువు నిర్వచనం. ఆ వెంటనే, అదే ఊరివాణ్ణీ, కాలక్షేపానికి వచ్చినవాణ్ణీ అతిథి లెక్కలో వేయవద్దని కూడా ఉంది. తణుకులోనే పక్క వీధి నుంచి హార్లిక్స్ సీసా, డజను అరటిపళ్లు పట్టుకుని పదకొండింటికి వచ్చి, ఒంటిగంట దాటినా కుర్చీ వదలనివాళ్లు ఏ లెక్కలోకి వస్తారో మీరే ఆలోచించండి. వాళ్లకి అభిమానం లేదనను. తమ ఎరికలో ఎవరెవరి కుట్లు చీము పట్టాయో రోగి మంచం పక్కన కూర్చుని ఏకరువు పెట్టేదీ అభిమానంతోనే. ఒక గ్లాసు మజ్జిగ ఇచ్చి, "ఆవిడ ఇప్పుడే పడుకుందండీ" అనండి. మీకే పాపమూ అంటదు. దూరం నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లకు తప్పకుండా పెట్టండి. అయితే మీ ఆవిడ తిని మాత్ర వేసుకున్నాక, పిల్లలూ అమ్మగారూ లేచాక పెట్టండి.

ఇక అమ్మాయి. బుద్ధిమంతురాలన్నారు. అది బుద్ధిమంతురాలైన పాపానికి ఇంటెడు చాకిరీ దాని వంతు చేయకండి. వాడు హాల్లో బంతాట ఆడుతున్నాడు, ఇది వడ్డిస్తోంది. ఏడేళ్ల వాడు మంచినీళ్ల గ్లాసులు పెట్టగలడు, విస్తళ్లు తీయగలడు, తన కంచం తను సింకులో వేయగలడు. ఈ పని చెప్పి ఉంటే, బహుశా ఆ బంతి కూడా కాస్త తక్కువ ఎగిరేది.

వాడి విషయానికి వస్తే, గౌతమ ధర్మసూత్రం రెండో అధ్యాయం ఈ మాటతోనే మొదలవుతుంది: ఉపనయనం కాని పిల్లవాడికి నడతలో, మాటలో, తిండిలో కట్టుబాటు లేదు. ఉపనయనం బ్రాహ్మణ బాలుడికి ఎనిమిదో ఏట. మీ ఇంట ఆ సంస్కారం ఉన్నా లేకపోయినా, ఆ వయసువాడి చేతిలో జరిగినదానికి దోషం లెక్కకట్టరని భావం. అదే అధ్యాయంలో, శిష్యుణ్ణి కొట్టకుండానే దిద్దాలనీ, ఎంతకీ కుదరకపోతేనే సన్నని తాడో బెత్తమో అనీ ఉంది. చదువు చెప్పే గురువుకే అంత కట్టడి పెట్టారు. మీరు వేసిన దెబ్బలు గ్యాసు భయానికి వేసినవి. వాడి వీపు దగ్గర్లో ఉంది కనుక వాడికి తగిలాయి.

పింగాణీ వినాయకుడి గురించి దిగులు వద్దు. ఇంటి పూజలో దేవుణ్ణి ఆవాహన చేసి పిలుస్తాం, అయ్యాక ఉద్వాసన చెప్పి సాగనంపుతాం. ఆ పొద్దున మీరింకా పిలవనే లేదు. శాస్త్రోక్తంగా ప్రతిష్ఠ చేసిన గుడి విగ్రహం భిన్నమైతే జీర్ణోద్ధారణ విధి వేరే ఉంది, అది మీకు పట్టదు. విరిగిన బొమ్మను శుభ్రమైన గుడ్డలో చుట్టి పెరట్లో మట్టి తవ్వి పూడ్చండి. కాలవలో వేస్తే పింగాణీ కరగదు. రావిచెట్టు మొదట్లో దించి వచ్చే అలవాటు ఒకటి ఈమధ్య ప్రబలింది. ఇన్నాళ్లు పూజలందుకున్న దేవుణ్ణి దిక్కులేనివాణ్ణి చేసి రావడం నాకు నచ్చదు. ఈసారి మట్టి వినాయకుణ్ణి తెచ్చుకోండి. మళ్లీ బంతి తగిలినా బకెట్టు నీళ్లతో పోతుంది.

కుంకుమ ఒలికితే కీడన్నది జనంలో తిరిగే భయమే గాని స్మృతి వాక్యం కాదు. అలాగని అమ్మగారితో వాదం పెట్టుకోకండి. ఆవిడ భయపడేది మీ కోసం. పాలు పొంగడమంటారా, కొత్త ఇంట్లో చేరేటప్పుడు మనమే పనిగట్టుకుని పొంగిస్తాం. ఆ పొద్దున జరిగినవాటిలో నిజంగా భయపడదగ్గది గ్యాసు ఒక్కటే, దాని గురించి మీ ఇంట్లో ఎవరూ మాట్లాడినట్టు లేదు. అసలు సంసారమన్నాక ఏ అపశ్రుతీ లేకుండా సాగాలని శాస్త్రం అనుకోనే లేదు. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోలు, నీళ్ల కుండ, ఈ అయిదు చోట్లా గృహస్థుకు తెలియకుండానే హింస జరుగుతూ ఉంటుందని మనువు ముందే ఒప్పుకుని, దానికి విరుగుడుగా పంచ మహాయజ్ఞాలు విధించాడు.

దీపం మీరు పెట్టొచ్చు. పెట్టొచ్చేమిటి, పెట్టాలి. ఇంట్లో అగ్నిని ఎవరు చూసుకోవాలో ఆశ్వలాయన గృహ్యసూత్రం చెప్పింది: యజమాని తానే, లేదా భార్య, కొడుకు, కూతురు, శిష్యుడు. పట్టికలో మొదటి పేరే మీది. నాగా పడిన రోజుల గురించి మథనపడకండి. కార్తీక పౌర్ణమికి 365 వత్తులు కలిపి వెలిగిస్తామే, ఏడాదిలో ఎక్కడో అక్కడ దీపం తప్పుతుందని తెలిసిన ఇల్లాళ్లు పెట్టుకున్న ఆచారం అది. ధర్మంలో సూత్రాలకందని మిగతా భాగాన్ని ఆడవాళ్ల దగ్గర నేర్చుకోమని ఆపస్తంబుడు ఊరికే అనలేదు.

అయితే ఒక మాట. ఊళ్లు పాడైనప్పుడు, పరదేశంలో, రోగంలో, కష్టంలో ముందు ఒళ్లు కాపాడుకుని తర్వాత ధర్మం ఆచరించమని పరాశరుడు తన స్మృతి ఏడో అధ్యాయంలో అన్నాడు. ఈ సడలింపుకు హద్దు ఎక్కడో ఛాందోగ్యోపనిషత్తులో ఉషస్తి కథ చెబుతుంది. వడగళ్లకు కురుదేశం పంటలు పోయి, ఆయన ఆకలితో అలమటిస్తూ ఒక మావటివాడు తింటున్న గుగ్గిళ్లు అడిగి తిన్నాడు, ఎంగిలివని తెలిసీ తిన్నాడు. వాడు నీళ్లివ్వబోతే మాత్రం వద్దన్నాడు. గుగ్గిళ్లు తినకపోతే ప్రాణం పోయేది, నీళ్లు మరోచోట దొరుకుతాయన్నాడు. మీకు సహస్రనామాలకు తీరిక లేదు, నిజమే. ప్రమిదలో వత్తి వేసి అగ్గిపుల్ల గీయడానికి లేదంటే ఉషస్తి ఒప్పుకోడు. ఆ గూటిని నిలబడితే చేతికందే ఎత్తుకు మార్పించండి. బంతికి అందదు, అమ్మగారు మోకాళ్లు వంచకుండా దీపం పెట్టగలుగుతారు. ఆవిడకూ ఇంట్లో ఒక పని ఉంటుంది.

తలస్నానం వద్దే వద్దు. శక్తి లేనివారు తల తడపకుండా స్నానం చేయవచ్చు, అదీ కుదరకపోతే తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకున్నా స్నానమేనని స్మృతి వచనం. ఉపవాసం మాటకొస్తే, వ్రతాన్ని చెడగొట్టనివి ఎనిమిది ఉన్నాయి. నీళ్లు, దుంపలు, పళ్లు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుడి కోరిక, గురువు మాట, ఔషధం. మీ ఆవిడ మానేస్తానంటున్న మంచినీళ్లు ఆ పట్టికలో మొదటివి, మాత్ర చివరిది. మరీ పట్టుబడితే, భార్య వ్రతం భర్త, భర్త వ్రతం భార్య చేయవచ్చనీ, అశక్తతలో అలా చేస్తే వ్రతభంగం కాదనీ పైఠీనసి స్మృతి వచనం ఉంది. 1612 నాటి నిర్ణయసింధువు, 1790 నాటి ధర్మసింధువు వంటి నిర్ణయ గ్రంథాలు అశక్తులకు ప్రతినిధిని ఒప్పుకున్నాయి. ఈ ఏడాది కార్తీక సోమవారాల నక్తం, అంటే చుక్కలు చూసేదాకా ఉపవాసం, మీరు ఉండండి. పొద్దుటి నుంచీ ఏమీ తినకుండా నలుగురికీ వండి వార్చడం ఎలా ఉంటుందో ఆవిడ ఇన్నేళ్లూ చెప్పి ఉండదు.

కలశం నిక్షేపంగా ముట్టుకోవచ్చు. వ్రతాధికారాన్ని కడుపులో ఏముందో చూసి ఎవరూ నిర్ణయించలేదు. కుట్లు మానాక నీళ్లు నిండిన బిందె ఎత్తకుండా చిన్న చెంబుతో పెట్టుకోమనండి.

మొక్కు దగ్గర మాత్రం నేను మీకు అనుకూలంగా చెప్పలేను. నిత్య నైమిత్తికాలకు ప్రతినిధిని ఒప్పుకున్న శాస్త్రమే కోరిక కోరి చేసే కామ్యానికి ప్రతినిధి లేడంది. మొదలుపెట్టాక మధ్యలో అశక్తత వస్తే మరొకరు పూర్తి చేయవచ్చని కొందరంటారు. మీ ఆవిడ ఇంకా మొదటి మెట్టు ఎక్కలేదు. కాబట్టి ఆగండి. గడువు పెట్టి మొక్కుకోలేదు కదా. పెళ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని చెప్పుకునే స్వామికి, బాకీ కాస్త ఆలస్యమైతే ఎలా ఉంటుందో తెలియకపోదు. ఆరు వారాలు కాగానే కాదు, డాక్టరు సరేనన్నాకే బయల్దేరండి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే కదా అని దారి మార్చకండి. అలిపిరి అని మొక్కింది గనుక ఆ 3,550 మెట్లే ఎక్కాలి, ఎన్నిచోట్ల కూర్చున్నా ఫరవాలేదు. మీరూ పక్కన ఎక్కండి. ఆ మెట్లు మీ ఖాతాలో పడతాయి గాని ఆవిడ ఖాతాలో పడవు.