పెట్టుబడి సాయమున కర్హుడెవడు?

చట్టమునకును ధర్మమునకును నడుమ నెంత దూరము గలదో తెలిసికొనుటకు శాస్త్రగ్రంథములు తిరుగవేయ నక్కఱలేదు. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో నొక కౌలు పొలము గట్టున నిలిచి చూచిన చాలును.

ఇది వాన నమ్ముకొన్న సీమ. కందియు, ప్రత్తియు, మిరపయు వేసినవాడు మబ్బువంక చూచును. బోరు వేయించినవాడు అప్పువంక చూచును. 1996లో వెలిగొండ ప్రాజెక్టునకు శంకుస్థాపన జరిగినది మొదలు కృష్ణాజలమునకై యీ జనులు దాదాపు మూడు దశాబ్దములు నిరీక్షించిరి. ఇట్టిచోట విత్తునాటికి చేతికందిన సొమ్ము విలాసము కాదు, ఊపిరి.

కేంద్ర ప్రభుత్వము 2019లో ప్రకటించిన కిసాన్ సమ్మాన్ నిధి యేటికి 6,000 రూపాయలు. రాష్ట్ర ప్రభుత్వము 2025 ఆగస్టు 2వ తేదీన ప్రకాశము జిల్లా దర్శి ప్రాంతమున 'అన్నదాత సుఖీభవ' నారంభించి, కేంద్రపు సొమ్ముతో గూడ నేటికి 20,000 రూపాయలని నిర్ణయించినది. తొలి విడత 7,000 రూపాయలు. సంతోషమే. కాని యెవరి ఖాతాలో? కేంద్రనిధి భూమి తమ పేర గల కుటుంబములకే చెందును. కౌలురైతును గుర్తించుటకు రాష్ట్రము కార్డు నేర్పరచినది. అయితే 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము దానికి భూయజమాని చేవ్రాలును కోరినది.

ఇచ్చటనే మన పరీక్ష. మనలో ననేకులము పట్టణములలో నుద్యోగములు చేసికొనుచు, తాతలనాటి పొలమును కౌలుకిచ్చినవారము. సభలలో సమత్వమునుగూర్చి యుపన్యసింతుము. కౌలుదారుడు కాగితము తెచ్చినచో "మఱియొకనాడు చూతము" అందుము. భూమి పోవునేమో యని భయము. ఆ యొడంబడిక పదునొకండు నెలలకే పరిమితమనియు, యాజమాన్యమునకు భంగము కలిగింపదనియు నా చట్టమే చెప్పినది గదా!

భూమి గలవారందఱును భాగ్యవంతులు కారనవచ్చును. నిజమే. దున్న శక్తిలేని వృద్ధులు, దిక్కులేని వితంతువులును కౌలుకిత్తురు. వారికి కౌలు న్యాయముగా రావలసినదే. కాని కౌలు భూమికి ఫలము. పెట్టుబడి సాయము విత్తనమునకు, నెరువునకు, చెమటకు నుద్దేశింపబడినది. వాన తప్పినప్పుడు నష్టమును పంచుకొననివాడు ఈ రెండవదానిని గూడ గ్రహించుట యెట్లు న్యాయమగును? చట్టము శిక్షింపదు, అంతమాత్రమున నది మనదగునా?

మార్గము కఠినము కాదు. చేవ్రాలు చేయుదము. దున్నకయే మన ఖాతాలో పడిన సొమ్మును కౌలులో తగ్గింతము. ఇది దానమని గర్వింపవలదు. దానమనగా మనదానిని పరులకిచ్చుట. ఇది పరులదానిని వారికి మరల నిచ్చుట మాత్రమే. ఇంటి లెక్కలు చూచు గృహిణులు ఈ యొక్క పద్దును విడిగా వ్రాసి చూచినచో, అది యెవరి బాకీయో వారికే తెలియగలదు.