ఒకే కాలువకు ఇద్దరు లష్కర్లు

బాన్సువాడ చుట్టుపక్కల మడులు తడిసేది మంజీర నీళ్లతోనే. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నుంచి పెద్ద కాలువ బయలుదేరి, దారిపొడవునా పిల్లకాలువలుగా చీలుతుంది. అలాంటి ఒక పిల్లకాలువ మీద రెండు షట్టర్లు ఉండేవి. షట్టర్ ఎత్తి దించే లష్కర్ పైదానికి ఒకరు, కిందిదానికి ఇంకొకరు. ఇద్దరూ పని తెలిసినవాళ్లే. చీకట్లో కట్ట మీద నడుస్తూ, నీటి చప్పుడును బట్టి ఎక్కడ ఊట పడుతోందో చెప్పగలిగినవాళ్లు. కానీ ఇద్దరి మధ్యా రెండు మైళ్ల దూరం ఉండేది. ఏనాటిదో ఒక పేచీ కూడా ఉండేది. అందుకని ఒకరి ఊసు ఒకరికి పట్టేది కాదు.

ఒక యాసంగిలో కింది రైతులు ఎరువు చల్లుకోవాలి, రెండు రోజులు నీళ్లు ఆపమన్నారు. కింది లష్కర్ షట్టర్ దించి ఇంటికి పోయాడు. అదే రాత్రి నీళ్లు వదలమని పైనుంచి కబురొచ్చింది. పై లష్కర్ షట్టర్ నిండా ఎత్తి పడుకున్నాడు. వచ్చిన నీరు కిందికి పోయే దారిలేక మధ్యలో నిలిచింది. కట్టలో ఎండ్రకాయలు తొలిచిన బొరియలున్న చోటు వెతుక్కుంది. తెల్లారేసరికి గండి పడింది. పొట్టకొచ్చిన వరి మీద ఇసుక మేట వేసింది.

ఊరు కూర్చుని ఇద్దరినీ నిలదీసింది. ఇద్దరూ తమ తప్పేమీ లేదన్నారు. విచారిస్తే నిజంగానే ఎవరి షట్టర్ దగ్గర వాళ్లు సరిగ్గానే చేశారు. ఊరు జరిమానా వేయలేదు. మధ్యలో ఉన్న కల్వర్టు దగ్గర, వాన తగలని చోట, ఒక నోటుపుస్తకం పెట్టించింది. ఎవరు షట్టర్ ముట్టుకోవాలన్నా ముందు అక్కడికి వచ్చి రాయాలి, అవతలివాడు రాసింది చదవాలి. ఆ తర్వాత ఆ కట్టకు గండి పడలేదు.

పై లష్కర్ ఇంట్లో ఒక కోడలుండేది. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టేది. చిన్నప్పుడు ఆమెకు గొంతునొప్పి, జ్వరం వచ్చి, తర్వాత మోకాళ్లు, మోచేతులు వాచి నొప్పి పెట్టాయి. ఎదిగే పిల్లల నొప్పులని ఇంట్లో నూనె రాశారు. నొప్పులు పోయాయి గానీ, పోతూ పోతూ గుండె కవాటాన్ని కొరికి పోయాయి. ఆ సంగతి ఎవరికీ తెలియదు. మొదటి కాన్పు ఎలాగో గడిచింది. రెండో కాన్పులో ఏడో నెల నుంచి ఆయాసం పట్టుకుంది. పడుకుంటే ఊపిరి అందక, రాత్రిళ్లు గోడకు ఆనుకుని కూర్చునేది. కడుపుతో ఉన్న మనిషికి ఒంట్లో రక్తం ఇంచుమించు సగం వంతు పెరుగుతుంది. ఇరుకైన కవాటంలోంచి అంత రక్తం పోవాలంటే పోదు, వెనక ఊపిరితిత్తుల్లో నిలుస్తుంది. దూరాన ఒక పెద్దాస్పత్రిలో ఆమెను కాపాడారు. రెండో ఆడపిల్ల పుట్టింది.

అక్కడి గుండె డాక్టరు ఇరవై ఒక్క రోజులకోసారి సూది వేయించుకోమన్నాడు, మాత్రలు రాశాడు, ఇక కడుపు రాకూడదన్నాడు. రాకుండా ఏం చేయాలో మాత్రం రాయలేదు. ఆమె అడగలేదు. మగ డాక్టరును ఆ మాట అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఆ కాగితాలన్నీ ఒక తెల్ల కవర్లో పెట్టి, వంటింటి గోడకు ఒక మేకుకు తగిలించింది.

పిల్లల టీకాల చీటీలు, కాన్పు కార్డులు ఎర్ర కవర్లో ఉండేవి. అది దేవుడి పటం పక్కన ఇంకొక మేకుకు వేలాడేది. గుండె సంగతి బయటికి పొక్కితే ఆడబిడ్డకు సంబంధాలు రావని అత్తకు భయం. అందుకని తెల్ల కవరు ఊళ్లో ఎవరి కంటా పడకూడదని ఇంట్లో కట్టడి చేసింది. అత్తను తప్పుపట్టి లాభం లేదు. రోగిష్టి ఇల్లు అన్న మాట ఆడపిల్ల పెళ్లికి ఎంత అడ్డమో ఆమె తన కళ్లతో చూసింది.

పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకుందామని కోడలు ఒక క్యాంపుకు పోయింది. పడుకోబెట్టి, గుండె మీద గొట్టం పెట్టి, ఇక్కడ చేయడం కుదరదని పంపేశారు. ఆ మాట సరైనదే. పొట్టలోకి గాలి నింపి, తల కిందికి వంచి చేసే ఆపరేషన్ అలాంటి గుండెకు బరువు. కుదరదన్నాక ఏది కుదురుతుందో చెప్పేవాళ్లు ఆ తొక్కిడిలో లేకపోయారు.

పక్కింటామె తను వాడే గర్భనిరోధక మాత్రల పట్టీ ఇచ్చింది. మంచి మనసుతోనే ఇచ్చింది, ఆమెకు అవి చక్కగా పడ్డాయి. కోడలు నాలుగు నెలలు మింగింది. ఒక రాత్రి ఎడమ పిక్క రాయిలా బిగిసి, కాలు తొడదాకా వాచింది. రెండు హార్మోన్లు కలిసిన ఆ మాత్రలతో రక్తం గడ్డకట్టే ముప్పు కొంత పెరుగుతుంది. గట్టి మనిషికి అది చిన్న ముప్పు, పాడైన కవాటం ఉన్న మనిషికి పెద్దది. కాలి నరంలో గడ్డ కట్టింది. అది ఊపిరితిత్తులకు ఎక్కకముందే ఆస్పత్రికి చేర్చారు గనుక బతికింది. రక్తాన్ని పలచన చేసే మాత్రలతో ఇంటికి వచ్చింది. తెల్ల కవరు ఇంకొంచెం లావైంది.

ఆమె ఇంటికొచ్చిన సాయంత్రం మామ వంటింటి గడపలో కూర్చుని కల్లు సీసా కూడా ముట్టకుండా గోడకేసి చూశాడు. ఈ మేకుకు తెల్ల కవరు, ఆ మేకుకు ఎర్ర కవరు. చాలాసేపు చూశాడు. కోడలితో అలాంటి విషయం మాట్లాడటం మామకు తగదు, మాట్లాడలేదు. లేచి రెండు కవర్లూ దించాడు. కాగితాలన్నీ ఒక బట్ట సంచిలో వేశాడు. వాడుతున్న మాత్రల పట్టీలు, పక్కింటామె ఇచ్చిన పట్టీలో మిగిలినవి కూడా అందులోనే వేశాడు. సంచి మూతి బీడీల దారంతో కట్టి, కొడుకు చేతికిచ్చాడు. పొద్దున్నే మొదటి బస్సుకు కోడలిని తీసుకుని పట్టణానికి పొమ్మని సైగ చేశాడు.

పట్టణంలో తల్లీపిల్లల డాక్టరమ్మ ఆ సంచిని బల్ల మీద గుమ్మరించి ఒక్కొక్క కాగితమూ చదివింది. అక్కడి బెంచీ మీద ఇంకా ముగ్గురు ఆడవాళ్లు ఉన్నారు. ఒకామెకు మూర్ఛ. ఫినైటాయిన్, కార్బమాజెపిన్ లాంటి మూర్ఛ మాత్రలు గర్భనిరోధక మాత్రల బలాన్ని తగ్గిస్తాయని తెలియక, రోజూ మింగుతూనే ఆమె కడుపు తెచ్చుకుంది. కాన్పయ్యాక ఈసారి మూడు నెలలకోసారి వేసే అంతర సూది కోసం వచ్చింది. 2017 నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇస్తున్న ఆ సూదికి మూర్ఛ మందులతో పేచీ లేదు. ఒకామె టీబీ మందులు వాడుతోంది. వాటిలో రిఫాంపిసిన్ కూడా అదే పని చేస్తుందని ఆమెకు అప్పుడే తెలిసింది. మూడో ఆమెకు చక్కెర జబ్బు, ఇంకో బిడ్డ కావాలి. చక్కెర అదుపు తప్పి ఉండగా కడుపు వస్తే తొలి వారాల్లోనే బిడ్డ అవయవాలకు హాని జరగవచ్చు. కొన్నాళ్లు ఆగి, చక్కెరను దారికి తెచ్చుకుని, అప్పుడు కనమన్నారు. అంతవరకూ ఆమెకు కాపర్ టీ వేశారు.

ఏ జబ్బుకు ఏ పద్ధతి తగుతుందో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1996లోనే పట్టిక రాసిపెట్టింది. నిశ్చింతగా వాడవచ్చు అన్నదాని నుంచి అసలు ముట్టరాదు అన్నదాని దాకా నాలుగు తరగతులు. డాక్టరమ్మ ఆ పట్టిక చూసింది. కోడలికి రెండు హార్మోన్ల మాత్రలు నాలుగో తరగతి. కాపర్ టీ పనికొస్తుంది గానీ, రక్తం పలచన చేసే మాత్రల మీద ఉన్న మనిషికి నెలసరి ఎక్కువయ్యే ఇబ్బంది ఉంది. ఆ మాత్రల్లో కొన్ని గర్భం తొలి నెలల్లో బిడ్డకు చేటు చేస్తాయి గనుక, పొరపాటున కూడా కడుపు రాకూడదు. చివరికి డాక్టరమ్మ కళ్లు కాగితాల మీది నుంచి లేచి, కోడలి పక్కన నిలబడ్డ మొగుడి మీద ఆగాయి. అతని గుండె గట్టిది, కాలు గట్టిది. పిల్లలు కాకుండా ఆపరేషన్ నువ్వే చేయించుకోవచ్చు అంది.

అతడు ఆ రాత్రంతా ఆలోచించాడు. తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో పదిమందికి ఆరుగురు పిల్లలు కాకుండా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. మగవాళ్లను నూటికి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. బలం పోతుందన్న భయం అతనికీ ఉండింది. అయినా వారం తిరక్కముందే వెళ్లి కోత, కుట్టు లేని వేసెక్టమీ చేయించుకున్నాడు. మత్తు సూది ఆ చోట వరకే వేశారు, పని నిమిషాల్లో అయిపోయింది. రెండు రోజులు పడుకున్నాడు. వారం దాటాక సైకిలెక్కి పొలానికి పోయాడు. చెప్పినట్టే మూడు నెలలు నిరోధ్ వాడి, పరీక్ష చేయించుకుని నిశ్చింత పడ్డాడు. తర్వాత కోడలి కవాటాన్ని బెలూనుతో వెడల్పు చేశారు. ఆమె ఇప్పుడు గోడకు ఆనుకోకుండా పడుకుని నిద్రపోతోంది. ఇంట్లో రెండు మేకుల్లో ఒకటి పీకేశారు.

మామ గోడ మీద చూసింది తన కాలువనే. గుండెను చూసేవాళ్లు గర్భం సంగతి అడగక, గర్భం సంగతి చూసేవాళ్లకు గుండె జబ్బు తెలియక, ఎవరి షట్టర్ దగ్గర వాళ్లు సరిగ్గా చేసినా గండి మాత్రం మధ్యలో ఉన్న ఆడమనిషి ఒంట్లోనే పడుతుంది. జబ్బున్న ఆడవాళ్లకు గర్భనిరోధం కుదరదనుకోవడం తప్పు, పక్కింటామెకు కుదిరిందే తనకూ కుదురుతుందనుకోవడం అంతకంటే తప్పు.

మీ ఇంట్లోనూ రెండు మేకులకు రెండు కవర్లుంటే, రేపు ఆస్పత్రికి పోయేటప్పుడు రెండూ ఒకే సంచిలో వేసుకుని వెళ్లండి, మింగే మాత్రల పట్టీలతో సహా.