ఋణస్మరణము



నిద్రించుటకు ముందు ఈశ్వరునికి కృతజ్ఞతలు చెప్పుకొను నియమము మనలోఁ బెక్కుండ్రకుఁ గలదు. కొందఱు ఆనాఁడు పొందిన మేళ్లను పుస్తకములో వ్రాసికొందురు. ఆరంభమున హృదయము కరఁగును. నెల తిరుగునప్పటికి, ఆరోగ్య మిచ్చితివి, అన్న మిచ్చితివి, బిడ్డల నిచ్చితివి అను మాటలు చిలుకపలుకు లగును. అంతటఁ గొందఱు నియమమును విడిచిపెట్టుదురు. మఱికొందఱు భావము లేకయే కొనసాగింతురు. విడిచినవారికంటె వీరి స్థితియే నాకు శోచనీయముగాఁ దోఁచుచున్నది. నిర్జీవమైన కర్మకాండను గర్హించు మనము అట్టిదే మఱియొకటి యింట నెలకొల్పుకొనుట తగునా?

నేను న్యాయవాదిని గనుక నా వృత్తినుండి యొక మాట చెప్పెదను. ప్రతివాది నాకు బాకీయున్నాఁడని మాత్రము వ్రాసిన దావా నిలువదు. ముఖ్యమైన సంగతులను సంగ్రహముగాఁ దెలుపవలెనని 1908వ సంవత్సరపు సివిల్ ప్రొసీజరు కోడు విధించుచున్నది. ఎవరు, ఎంత, ఎప్పుడు, ఏ విధమున? మన కృతజ్ఞతలో నీ వివరములే కానరావు. ఊరక అన్నమునకు అని తలఁచుటకు మాఱు, నేఁటి మధ్యాహ్నము జ్వరముతో నుండియు వంటమనిషి వడ్డించిన యన్నమునకు అని తలఁచి చూడుఁడు. ఆ క్షణముననే వేఱొక ప్రశ్న పుట్టును: జ్వరముతో నున్న యామెను ఇంటికిఁ బంపలేదేల? ప్రార్థన ప్రాణము పోసికొనునది యిక్కడనే. అది సుఖముగా నుండదు, ఉండనక్కఱయు లేదు.

మానవుఁడు ఋణములతోఁ బుట్టునని మన ప్రాచీన గ్రంథములు చెప్పినవి. దేవఋణము, ఋషిఋణము, పితృఋణము అను మూఁటిని అందఱు నెఱుఁగుదురు. శతపథ బ్రాహ్మణము వీనికి మనుష్యఋణమును గూడఁ జేర్చినది. మొదటి మూఁటికి మంత్రములు, తంతులు, దక్షిణలు పుష్కలముగా నేర్పడెను. నాలుగవది మాత్రము మఱుగునఁ బడెను. దానికి పురోహితుఁడు లేఁడు గాఁబోలును!

గోదావరి డెల్టాలోఁ బండిన యన్నము తినువారు 1852లోఁ బూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్టను తలఁచి కాటనుదొరకు నమస్కరింతురు. ఉచితమే. కాని ఆ కట్టకు ఱాళ్లు మోసిన వేలకొలఁది కూలీల పేళ్లు మన నోట రావు. గతించినవారికి మనము చెల్లింపఁజాలము. అదే నీటిలో నేఁడు నడుము వంచి నాట్లు వేయు స్త్రీ యున్నది. ఆమె కూలిని బేరమాడి తగ్గించి, ఆ రాత్రియే యన్నమునకై యీశ్వరునికిఁ గృతజ్ఞతలు చెప్పువాఁడు ఎవరి సొమ్ముతో ఎవరికి మ్రొక్కుచున్నాఁడు? కృతజ్ఞురాలవై యుండుమని ఆమెకు బోధించు పెద్దమనుష్యులను గూడఁ జూచుచున్నాము. కృతజ్ఞత మనము చెల్లించునదియే కాని పరులనుండి వసూలు చేయునది కాదు. బిడ్డను గోలుపోయిన తల్లికడను ఈ బోధ వలదు. ఆమె ప్రక్కను మౌనముగాఁ గూర్చుండుటయే చాలును.

మనస్తత్త్వ శాస్త్రజ్ఞులును దీనిని బరీక్షించిరి. 2005లో సెలిగ్మను, ఆయన సహచరులు ప్రకటించిన పరిశోధనలో, తమకు మేలు చేసినవారికి లేఖ వ్రాసి స్వయముగా నందించినవారి సంతోషము ఒక నెలవఱకు విశేషముగా వృద్ధినొందెను, పిమ్మటఁ దగ్గిపోయెను. తగ్గుటలో నాశ్చర్య మేమి? ఒక్క లేఖతో బాకీ తీఱునా? ఋణము దినదినమును గలుగుచునే యున్నది.

ప్రతిరాత్రియుఁ బది మేళ్లను లెక్కింపవలెనను నిర్బంధము నాకు సమ్మతము గాదు. వారమున కొక్కసారి యొక్క పేరు చాలును. పుట నడుమ గీఁత గీచి, ఎడమప్రక్కను పేరును, పొందిన మేలును వ్రాయుఁడు. కుడిప్రక్కను మీరు చేసినది వ్రాయుఁడు. చాకలికిఁ జెల్లవలసిన పాత బాకీ యైనను, చదువు చెప్పిన వృద్ధ గురువునకు ఉత్తర మైనను, వంటమనిషికి జీతముతోఁ గూడిన రెండు దినముల సెలవైనను సరే. కుడిప్రక్క నింపుటకు మఱుసటి వారమువఱకు గడువు తీసికొనవచ్చును. వాయిదాలు మాత్రము ఒకటికి మించకుండునట్లు చూచుకొనుఁడు.